కాలర్ ఎముక కింద మంట

ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా ఉసూర్ బ్లాకులో ఉంది బాసగూడ. ఊరి పక్కన పారే తాలిపేరు అడవిని దాటి తెలంగాణలోకి దిగుతుంది. చర్ల దగ్గర ప్రాజెక్టును నింపి గోదావరిలో కలుస్తుంది. మనుషుల రాకపోకలు కూడా ఆ దిక్కున ఎప్పటి నుంచో ఉన్నాయి. కూలికీ, చుట్టరికానికీ, వైద్యానికీ ఈ ప్రాంతం వాళ్ళు చర్ల, భద్రాచలం వైపు నడిచారు. 2005లో సల్వాజుడుం అనే మావోయిస్టు వ్యతిరేక సాయుధ ఉద్యమం మొదలయ్యాక బాసగూడ ఖాళీ అయింది. ఎన్నో కుటుంబాలు అప్పటి ఖమ్మం జిల్లాలో తలదాచుకున్నాయి. ఏళ్ళు గడిచాక కొందరు తిరిగివచ్చి మళ్ళీ పొయ్యి వెలిగించారు. కోయ, దోర్లీ, తెలుగు, హిందీ, హల్బీ కలగలిసి వినిపించే నేల ఇది.

ఇక్కడి మనిషికి గుండె జబ్బు చేస్తే దారి పొడుగు. జిల్లా కేంద్రం బీజాపూర్ సుమారు 50 కి.మీ. దూరం. అక్కడి నుంచి రాయ్‌పూర్ 400 కి.మీ. పైమాటే. రెండో దిక్కున వరంగల్, హైదరాబాద్. ఆయుష్మాన్ భారత్ లాంటి పథకాల పుణ్యమా అని పేస్‌మేకర్ ఇప్పుడు పేదల శరీరాల్లోకి కూడా చేరుతోంది. ఇది నిజంగా గొప్ప మార్పు. అయితే యంత్రం పెట్టిన ఆస్పత్రి వందల కిలోమీటర్ల అవతల ఉండిపోతుంది. ఆ తరువాత వచ్చే నొప్పి మాత్రం రోగితోపాటు ఊరికి వస్తుంది.

ఒక ఊహా రోగిని ఎదురుగా కూర్చోబెట్టుకుందాం. అరవై దాటిన పెద్దాయన. గుండె కొట్టుకునే వేగం పడిపోయి, కళ్ళు తిరిగి పడిపోతుంటే పేస్‌మేకర్ పెట్టారు. ఇప్పుడు కళ్ళు తిరగడం లేదు. కానీ నెలన్నర గడిచినా ఎడమ కాలర్ ఎముక కింద సుర్రుమంటోంది. చొక్కా తగిలితే ఓర్చుకోలేడు. చెయ్యి లోపలి పక్క నుంచి చిటికెన వేలి దాకా కరెంటు కొట్టినట్టు గుంజుతుంది. కావడి భుజానికి ఎత్తుకోలేడు. “మిషను పాడైందేమో” అని ఆయన భయం. “వయసు మీద పడింది” అని ఇంట్లో వాళ్ళ సర్దుబాటు. ఆయన నొప్పికి పేరు పెట్టడం ఎలా? ఏ పరీక్షలు బాసగూడలోనే చేయొచ్చు? వేటికి పట్నం పోవాలి? ఈ అధ్యాయం వాటి గురించే.

యంత్రం కూర్చునే చోటు

1958 అక్టోబరు 8న స్టాక్‌హోంలోని కరోలిన్‌స్కా ఆస్పత్రిలో ఓకె సెనింగ్ అనే శస్త్రవైద్యుడు, రూనె ఎల్మ్‌క్విస్ట్ అనే ఇంజనీరు తయారుచేసిన పేస్‌మేకర్‌ను ఆర్నె లార్సన్ శరీరంలో అమర్చాడు. పూర్తిగా మనిషి ఒంటిలోపల ఉండే పేస్‌మేకర్ అదే మొదటిది. అది కొన్ని గంటలే పనిచేసింది. ఆ తరువాత ఒకదాని వెంట ఒకటి మార్చుకుంటూ లార్సన్ 2001 దాకా, 86 ఏళ్ళు బతికాడు. ఆ తొలి రోజుల్లో రొమ్ము తెరిచి గుండె పైపొరకు తీగలు కుట్టేవారు. ఇప్పుడు అంత కోత అక్కర్లేదు. కాలర్ ఎముక కింద చర్మం కోసి, ఛాతీ కండరం మీద ఒక చిన్న సంచి లాంటి ఖాళీ చేస్తారు. డాక్టర్లు దాన్ని పాకెట్ అంటారు. 20 నుంచి 30 గ్రాముల బరువుండే యంత్రం అందులో కూర్చుంటుంది. దాని తీగ దగ్గరలోని సిరలోంచి గుండె కుడి గదుల్లోకి వెళుతుంది.

ఈ సిర ఒంటరిగా ఉండదు. కాలర్ ఎముక కింద నుంచి చంకలోకి పోయే దారిలో సిర, ధమని, నరాల గుంపు మూడూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోతాయి. మెడలోంచి వచ్చే ఐదు వేర్లు కలిసి, విడిపోయి, మళ్ళీ కలిసి చేతికి నరాలనిచ్చే ఆ గుంపును బ్రేకియల్ ప్లెక్సస్ అంటారు. సిర కోసం పోయిన సూది కాస్త పక్కకు జరిగితే ముందు ధమని, ఆ చుట్టూ నరాలు ఎదురవుతాయి. చిటికెన వేలికి పోయే నరపు పోగులు సిరకూ ధమనికీ మధ్య భాగంలోనే నడుస్తాయి. ఆపరేషన్ తరువాత చిటికెన వేలు తిమ్మిరెక్కిందంటే ఈ ఇరుకు చోటు గుర్తుకు రావాలి. చర్మం కోసే చోట ఇంకో తంతు ఉంది. కాలర్ ఎముకను దాటి కిందికి దిగే సన్నని సుప్రాక్లావిక్యులర్ నరాలు ఛాతీ పైభాగపు చర్మానికి స్పర్శనిస్తాయి. కోతలో వాటి కొసలు కొన్ని తెగొచ్చు, కుట్టులో ఇరుక్కోవచ్చు, మచ్చ గట్టిపడేటప్పుడు దానిలో చిక్కుకోవచ్చు.

నరం నలగడానికి దారులు ఇంకా ఉన్నాయి. పాకెట్‌లో నెత్తురు గడ్డకట్టి నరాల మీద ఒత్తిడి పెట్టవచ్చు. ఆపరేషన్ బల్ల మీద చెయ్యిని సరిగా పెట్టకపోతే మోచేతి వెనుక నరం నలగవచ్చు. యంత్రం తన చోటు నుంచి జారి కిందికో, చంక వైపుకో పోవచ్చు. బక్కపలచని ఒంట్లో చర్మం కింద కొవ్వు ఉండదు. అప్పుడు యంత్రపు అంచు చర్మాన్నే లోపలి నుంచి నొక్కుతుంది. ఈ బస్తర్ ప్రాంతపు అడవి పల్లెల్లో బరువు మోసేది కావడితో. కావడి బద్ద ఆనేది సరిగ్గా సుప్రాక్లావిక్యులర్ నరాలు కాలర్ ఎముకను దాటే చోటే. అందుకే వైద్యుడు అడగవలసిన తొలి ప్రశ్నల్లో “ఏ భుజంతో మోస్తావు?” అనేది ఒకటి.

ముందు ప్రాణం, తరువాత నరం

నరం నొప్పి అని తేల్చేముందు, ప్రాణం మీదికి తెచ్చే నాలుగింటిని పక్కకు పెట్టాలి. ఈ వరుస తప్పకూడదు.

మొదటిది గుండె. నడిస్తే పెరిగి, ఆగితే తగ్గే నొప్పి, చెమట, ఆయాసం ఉంటే అది గుండెపోటు సూచన కావచ్చు. పేస్‌మేకర్ ఉన్నవారిలో ఈసీజీ చదవడం కష్టం. యంత్రం గుండెను కొట్టిస్తున్నప్పుడు గీతల ఆకారమే మారిపోయి గుండెపోటు గుర్తులను కప్పేస్తుంది. అందుకే ఈసీజీ ఒక్కదాన్ని నమ్మి “ఏమీ లేదు” అనకుండా ట్రోపోనిన్ రక్తపరీక్ష జరిగే చోటికి పంపాలి.

రెండోది తీగ చేసే గాయం. తీగ కొస గుండె గోడను గుచ్చుకుని బయటికి పొడుచుకు వస్తే ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పోటు, ఎక్కిళ్ళు, మళ్ళీ కళ్ళు తిరగడం కనిపిస్తాయి. సూది ఊపిరితిత్తి పొరను తాకి ఉంటే ఆపరేషన్ అయిన కొద్ది గంటల్లో, రోజుల్లో ఆయాసం వస్తుంది. ఛాతీ ఎక్స్‌రే ఇక్కడ ఎంతో చెబుతుంది. తీగ ఎక్కడుంది, తెగిందా, యంత్రం జారిందా, ఊపిరితిత్తి విప్పారి ఉందా అన్నీ ఒక్క ఫిల్ములో కనిపిస్తాయి.

మూడోది సిరలో నెత్తురు గడ్డ. తీగ ఉన్న సిర మూసుకుపోతే చెయ్యంతా వాచి, బరువెక్కి, నీలం తిరుగుతుంది. ఛాతీ మీద సిరలు ఉబ్బి కనిపిస్తాయి. నరం నొప్పిలో చెయ్యి ఇలా మొత్తంగా వాయదు. డాప్లర్ స్కాన్ దీన్ని తేలుస్తుంది.

నాలుగోది చీము. పల్లెలో తేలిగ్గా దాటిపోయేది ఇదే. నొప్పి తగ్గిన కొన్ని వారాలకో, నెలలకో మళ్ళీ మొదలవడం, పాకెట్ మీద చర్మం ఎర్రబడటం, వెచ్చబడటం, పలచబడి యంత్రానికి అతుక్కుపోవడం, చుక్క రసి కారడం దీని గుర్తులు. జ్వరం లేకపోయినా ఇన్ఫెక్షన్ ఉండొచ్చు. ఒకసారి పాకెట్‌లోకి ఇన్ఫెక్షన్ దిగితే మాత్రలతో నయం కాదు. యంత్రాన్నీ, తీగల్నీ మొత్తం తీసి, మందులిచ్చి, అవసరమైతే వేరే చోట కొత్తది పెట్టాలి. కాబట్టి రెండు పనులు ఎవరూ చేయకూడదు. వాపు కనబడింది కదా అని సూదితో గుచ్చి లాగకూడదు. లోపల ఉన్నది ఉత్త నెత్తురు గడ్డే అయినా ఆ సూదే క్రిములను లోపలికి మోసుకుపోతుంది. రెండోది, రక్తం కల్చర్‌కు తీయకుండా యాంటీబయాటిక్ మొదలుపెట్టకూడదు. సగం మందుతో క్రిమి అణగి, పట్నంలో పరీక్షకు దొరకకుండా పోతుంది. పాకెట్ మీద వాతలు పెట్టడం, వేడి నూనెతో మర్దన చేయడం కూడా అంతే ప్రమాదం.

ఈ నాలుగూ లేవని తేలాకే మన పెద్దాయన నొప్పిని నరం వైపు నుంచి చూడాలి.

గాయపడిన నరం ఏం చేస్తుంది

ఆరోగ్యంగా ఉన్న నరం కబురు మోస్తుంది. కొసన ఏదైనా తగిలితేనే మాట్లాడుతుంది. గాయపడ్డ నరం ఏమీ తగలకపోయినా మాట్లాడుతుంది. దెబ్బతిన్న చోట పొరలో సోడియం ద్వారాలు గుంపుగా పేరుకుంటాయి. ఆ చోటు తనంతట తానే విద్యుత్ సంకేతాలను పుట్టిస్తుంది. మెదడు వాటిని మంటగా, షాకుగా చదువుకుంటుంది. తెగిన నరం మళ్ళీ పెరగాలని చూసి దారి దొరక్కపోతే, తునికి పొదల కొమ్మలు కొట్టిన చోట చిగుళ్ళు గుబురుగా లేచినట్టు, సన్నని పోగులు ముద్దకట్టి ఒక బొడిపె అవుతుంది. దాన్ని న్యూరోమా అంటారు. వేలితో తాకితే చాలు, షాకు కొడుతుంది.

కొన్ని రోజులు ఇలా సాగితే వెన్నుపాము కూడా మారుతుంది. క్లిఫర్డ్ వూల్ఫ్ 1983లో చూపించిన సంగతి ఇది: నొప్పి కబుర్లు ఆగకుండా వస్తుంటే వెన్నుపాములోని కణాలే అతిగా స్పందించడం నేర్చుకుంటాయి. అప్పుడు మామూలు స్పర్శ కూడా నొప్పిగా చేరుతుంది. చొక్కా తగిలితే పెద్దాయన ఉలిక్కిపడటం నటన కాదు, భయమూ కాదు. ఆయన నాడీమండలంలో జరిగిన భౌతికమైన మార్పు అది. ఇంట్లో వాళ్ళూ, వైద్యులూ ముందుగా నమ్మవలసింది దీన్నే.

ఈ మంటను శాస్త్రం చాలాకాలం కిందటే గుర్తించింది. అమెరికా అంతర్యుద్ధంలో తూటా దెబ్బలు తిన్న సైనికులను పరిశీలించిన సైలస్ వియర్ మిచెల్, తన సహచరులతో కలిసి 1864లో నరాల గాయాల మీద పుస్తకం వేశాడు. గాయం మానాక కూడా చేతులు మండుతున్నాయని, తడిగుడ్డ చుట్టుకుంటే తప్ప ఉండలేకపోతున్నామని చెప్పిన మనుషుల మాటలను ఆయన వైద్య సాక్ష్యంగా తీసుకున్నాడు. రోగి మాటే మొదటి పరీక్ష అనే సూత్రం నేటికీ మారలేదు.

దానికి ఇప్పుడు ఒక కొలత ఉంది. ఫ్రాన్స్‌లో బుహాసిరా బృందం 2005లో ప్రచురించిన డీఎన్4 ప్రశ్నావళిలో 10 అంశాలుంటాయి. ఏడు అడిగి తెలుసుకునేవి: మంటగా ఉందా, చలి నొప్పిలా ఉందా, షాకు కొట్టినట్టుందా, చీమలు పాకినట్టుందా, సూదులు గుచ్చినట్టుందా, మొద్దుబారిందా, దురదగా ఉందా. మూడు చేసి చూసేవి: మెత్తని స్పర్శ తగ్గిందా, సూదిమొన స్పర్శ తగ్గిందా, తేలిగ్గా రాస్తే నొప్పి పెరుగుతోందా. 10లో 4 గానీ అంతకు మించి గానీ వస్తే నరం నొప్పి అయ్యే అవకాశం గట్టిగా ఉన్నట్టే. ప్రశ్నావళిని రూపొందించినప్పుడు అది నరం నొప్పి ఉన్నవారిలో 83 శాతం మందిని పట్టుకుంది, లేనివారిలో 90 శాతం మందిని సరిగ్గా వేరు చేసింది. పెద్దాయన మాటల్లోనే మంట, షాకు, బట్ట తగిలితే నొప్పి అని మూడు ఇప్పటికే వచ్చాయి. చిటికెన వేలు మొద్దుబారిందేమో అడిగితే నాలుగోది తేలుతుంది.

దూది, పెన్ను, చెయ్యి

ఈ పరీక్షకు ఏం కావాలి? దూది ఉండ, శుభ్రమైన టూత్‌పిక్, చన్నీళ్ళ సీసా, స్కెచ్ పెన్ను. మంచి చర్మం వైపు నుంచి నొప్పి ఉన్న చోటు దిక్కు దూదితో నెమ్మదిగా రాసుకుంటూ రావాలి. “మారింది” అని రోగి అన్నచోట పెన్నుతో చుక్క పెట్టాలి. నాలుగు దిక్కుల నుంచీ వచ్చి చుక్కలు కలిపితే ఒక పటం తయారవుతుంది. కుడి భుజంతో పోల్చి చూడాలి. ఆ పటాన్ని ఫోనుతో ఫొటో తీసి ఉంచుకుంటే, నెల తరువాత అది పెరిగిందా తగ్గిందా తెలుస్తుంది. మచ్చ వెంట వేలితో తట్టుకుంటూ పోవాలి. ఒక్క బిందువు దగ్గరే షాకు పుట్టి చర్మంలోకి పాకితే, గాయపడ్డ నరం అక్కడుందన్న మాట. 1915లో జూల్ టినెల్ వర్ణించిన పద్ధతి ఇది.

ఈ నైపుణ్యం బాసగూడ లాంటి ఊళ్ళకు కొత్త కాదు. దేశంలో కుష్ఠు ఎక్కువగా కనిపించే రాష్ట్రాల్లో ఛత్తీస్‌గఢ్ ఒకటి. జాతీయ స్థాయిలో కుష్ఠు 2005 చివరికి 10,000 మందికి ఒకరి కంటే తగ్గినా ఇక్కడ పోరాటం ఆగలేదు. కుష్ఠు కార్యకర్తలు చేసేదేమిటి? మచ్చ మీద స్పర్శ చూస్తారు. అరచేతి మీద బాల్‌పెన్ మొనతో తాకి కళ్ళు మూసుకున్న రోగిని చూపించమంటారు. మోచేతి వెనుక నరాన్ని వేలితో పట్టి అది లావెక్కిందేమో తెలుసుకుంటారు. చిటికెన వేలిని పక్కకు చాపమని, బొటనవేలిని పైకెత్తమని, మణికట్టును పైకి వంచమని బలం కొలుస్తారు. ఈ మూడు కదలికలూ అల్నార్, మీడియన్, రేడియల్ అనే మూడు పెద్ద నరాల పరీక్షలు. పేస్‌మేకర్ రోగి చెయ్యికి కావలసిన పరీక్ష కూడా సరిగ్గా ఇదే. కుష్ఠు కోసం నేర్చిన చేతులు ఈ కొత్త నొప్పినీ చదవగలవు. కుష్ఠు కార్యకర్తనూ పేస్‌మేకర్ రోగినీ కలపడమే మిగిలిన పని.

చేతి పరీక్షకు భుజానిదీ కలపాలి. చెయ్యిని పక్కకు ఎత్తమంటే యాక్సిలరీ నరం, మోచేతిని వంచమంటే మస్క్యులోక్యుటేనియస్ నరం తెలుస్తాయి. రెండు చేతులతో గోడను నెట్టమని వెనుక నుంచి చూస్తే భుజఫలకం రెక్కలా లేస్తుందా అన్నది లాంగ్ థొరాసిక్ నరం సంగతి చెబుతుంది. కంటి రెప్ప వాలి, ఆ వైపు పాప చిన్నదైతే ప్లెక్సస్ అడుగు వేర్లు దెబ్బతిన్నాయని అనుమానించి వెంటనే పంపాలి.

పటం చెప్పే పేరు

చుక్కల పటం చేతిలో ఉంటే నరం పేరు చెప్పడం సులువవుతుంది. కాలర్ ఎముక కింద, మచ్చ చుట్టూ అరచేతి మేర మొద్దుబారి మండుతుంటే సుప్రాక్లావిక్యులర్ కొమ్మలు. చంక నుంచి పై చేతి లోపలి చర్మం దాకా అయితే ఇంటర్‌కాస్టోబ్రేకియల్ నరం. ముంచేతి లోపలి అంచు, చిటికెన వేలు, ఉంగరపు వేలి సగం కలిసి ఉంటే ప్లెక్సస్ లోపలి తాడు లేదా అల్నార్ నరం. ఈ రెండింటికీ తేడా ముంచేతిలో ఉంది. మోచేతి దగ్గర నలిగిన అల్నార్ నరం వేళ్ళను మొద్దుబారుస్తుంది గానీ ముంచేతి లోపలి చర్మాన్ని ముట్టదు. ఆ చర్మం కూడా పోతే గాయం పైన, సిర పక్కన జరిగిందని అర్థం. మన పెద్దాయనకు చెయ్యి లోపలి పక్క మొత్తం గుంజుతోంది. కాబట్టి చూపు పైకి, సూది దిగిన చోటికి పోవాలి.

నొప్పి కాకుండా భుజమో, ఛాతీ కండరమో నాడితోపాటు లయగా ఎగిరిపడుతుంటే విషయం వేరు. తీగ పూత చిట్లి కరెంటు కారుతుండవచ్చు. లేక యంత్రం పాకెట్‌లో తిరిగి తీగలు చుట్టుకుపోయి వెనక్కి లాక్కొచ్చి ఉండవచ్చు. పేస్‌మేకర్ పంపే విద్యుత్తు మామూలుగా రెండు మూడు వోల్టులకు, సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ సేపు. సరిగ్గా ఉన్నప్పుడు అది మనిషికి తెలియనే తెలియదు. ఎగరడం కనబడితే ఎక్స్‌రే తీసి, యంత్రాన్ని ప్రోగ్రామర్ అనే పరికరంతో పరీక్షించే కేంద్రానికి పంపాలి.

నరంలా కనిపించే ఇతరాలు

“చెయ్యి ఎత్తొద్దు” అని ఆస్పత్రిలో చెప్పిన మాటను కొందరు నెలల తరబడి పాటిస్తారు. మొదటి కొన్ని వారాలు భుజం ఎత్తు దాటించి చేతిని లేపొద్దనడం, బరువులెత్తొద్దనడం తీగ కుదురుకోవడానికే. కానీ చెయ్యిని కదపకుండా కట్టేసుకుంటే భుజం కీలు బిగుసుకుపోతుంది. షుగరు ఉన్నవారిలో ఇది ఇంకా ఎక్కువ. దీన్ని వేరు చేయడానికి ఒక చక్కటి ఉపాయం ఉంది. రోగి చెయ్యి వదులుగా ఉంచితే, వైద్యుడే మెల్లగా కదపాలి. ఎవరు కదిపినా కీలు కదలకపోతే బిగుసుకున్నది భుజం. వైద్యుడు కదిపితే కదిలి, రోగి సొంతంగా ఎత్తలేకపోతే లోపం నరానిది, లేదా కండరానిది.

ఆపరేషన్ తరువాత కొద్ది రోజులకు, వారాలకు భుజంలో ఉన్నట్టుండి భరించలేని నొప్పి వచ్చి, అది తగ్గేసరికి కండరం చచ్చుబడి కరిగిపోతే అది సూది గాయం కాకపోవచ్చు. పార్సనేజ్, టర్నర్ 1948లో 136 మంది రోగులతో వర్ణించిన జబ్బు ఇది. శరీర రక్షణ వ్యవస్థే ప్లెక్సస్ మీద దాడి చేస్తుందని భావిస్తున్నారు. ఏ శస్త్రచికిత్స అయినా దాన్ని రేపవచ్చు. అరచేయి వాచి, రంగు, వేడి, చెమట మారిపోయి, గాయానికి పొంతన లేనంత నొప్పి ఉంటే సీఆర్‌పీఎస్ అనే ఇంకో జబ్బు గురించి ఆలోచించాలి. పట్టీలా వరుసగా నీటిపొక్కులు లేస్తే సర్పి. మెడ తిప్పితే చేతిలోకి దిగే నొప్పి మెడ వెన్నుపూసలది.

ఈ నేలకే ప్రత్యేకమైనవి రెండు. ఒకటి సికిల్‌సెల్. మధ్య భారత ఆదివాసుల్లో ఈ జన్యువు ఎక్కువ కాబట్టే 2023 జులైలో జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన మిషన్‌ను మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో మొదలుపెట్టారు. సికిల్‌సెల్ జబ్బు భుజపు ఎముక తలకు నెత్తురు అందకుండా చేసి లోతైన సలపరం తెస్తుంది. దానిలో దూది పరీక్ష మామూలుగా ఉంటుంది. రెండోది కుష్ఠే. చిటికెన వేలు మొద్దుబారడానికి ఆపరేషన్‌ను నిందించేముందు మోచేతి నరం లావెక్కిందా, ఒంటి మీద స్పర్శలేని పాలిపోయిన మచ్చ ఉందా అని చూడాలి. శస్త్రచికిత్స గాయం ఆ రోజునే మొదలవుతుంది. కుష్ఠు నెలల ముందు నుంచే చడీచప్పుడు లేకుండా వస్తుంది. నరం వాచి నొప్పిపెడుతున్న కుష్ఠుకు త్వరగా స్టెరాయిడ్ ఇవ్వకపోతే చెయ్యి శాశ్వతంగా చచ్చుబడుతుంది.

తేదీలే సాక్ష్యం

నరం గాయాన్ని హెర్బర్ట్ సెడన్ 1943లో మూడు మెట్లుగా విడగొట్టాడు. మొదటి మెట్టులో నరం నలిగింది గానీ పోగులు తెగలేదు. రోజుల్లో, వారాల్లో కోలుకుంటుంది. రెండో మెట్టులో లోపలి పోగులు తెగాయి, తొడుగు నిలిచింది. రోజుకు సుమారు 1 మి.మీ. చొప్పున మళ్ళీ పెరుగుతుంది. భుజం నుంచి అరచేతి దాకా 600 మి.మీ. అనుకుంటే దాదాపు రెండేళ్ళ ప్రయాణం. మూడో మెట్టులో నరం పూర్తిగా తెగింది. దానికి శస్త్రవైద్యుడే దిక్కు.

ఏ మెట్టో తేల్చే పరీక్షలకు ఒక వేళ ఉంది. నరం తెగాక కూడా దాని కింది ముక్క కొన్ని రోజులు కరెంటు మోస్తూనే ఉంటుంది. అందుకే తొందరపడి నర్వ్ కండక్షన్ పరీక్ష చేయిస్తే బాగానే ఉన్నట్టు రావచ్చు. కండరంలో సూది పెట్టి చూసే ఈఎంజీలో గాయం గుర్తులు తేలడానికి మూడు వారాల దాకా పడుతుంది. బాసగూడ నుంచి ఒకే ఒక్క ప్రయాణానికి డబ్బు ఉన్న మనిషిని మొదటి వారంలో పంపితే ఆ ఖర్చు వృథా. చెయ్యి చచ్చుబడటం పెరుగుతూ ఉంటే, పాకెట్‌లో గడ్డ ఉబ్బుతుంటే మాత్రం వేచి ఉండకూడదు. అది ఆ రోజే పంపవలసిన స్థితి. పేస్‌మేకర్ ఉన్నవారికి నర్వ్ కండక్షన్ పరీక్ష మామూలుగా క్షేమమే. యంత్రానికి దగ్గరగా కరెంటు ఇవ్వడాన్ని మాత్రం తప్పిస్తారు. యంత్రం ఉన్నట్టు పరీక్ష చేసేవారికి ముందే చెప్పాలి.

ప్లెక్సస్‌ను చూడటానికి ఎంఆర్ఐ ఉంది. పేస్‌మేకర్ ఉంటే ఎంఆర్ఐ కుదరదని చాలామందిని ఇప్పటికీ తిప్పి పంపుతారు. ఎంఆర్ఐకి అనువైన పేస్‌మేకర్‌కు అమెరికాలో 2011లో అనుమతి వచ్చింది. పాత రకాల మీద జరిగిన పెద్ద అధ్యయనాలు 2017లో వెలువడ్డాయి. సరైన పర్యవేక్షణలో చాలామందికి ఎంఆర్ఐ చేయొచ్చని అవి చూపాయి. యంత్రం పేరు, మోడల్ రాసిన చిన్న కార్డు రోగి దగ్గర ఉంటేనే ఈ నిర్ణయం సాధ్యం. అన్నిటికంటే నేరుగా తేల్చేది నరపు ఇంజెక్షన్. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ, పాకెట్‌కు దూరంగా, అనుమానించిన సన్నని నరం పక్కన కొద్దిగా లిడోకెయిన్ ఇస్తారు. కొద్ది నిమిషాల్లో మంట ఆగిపోతే నొప్పి పుట్టిల్లు అదేనని తేలుతుంది.

నొప్పి మూడు నెలలు దాటితే దాన్ని శస్త్రచికిత్స తరువాతి దీర్ఘకాలిక నొప్పిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టిక ఐసీడీ-11 ఒక జబ్బు కిందే గుర్తించింది. అంటే అది ఓర్చుకోవలసిన గుణం కాదు, వైద్యం పొందే హక్కు రోగికి ఉన్న వ్యాధి.

పేరు తెలిశాక

రోగ నిర్ధారణ సరిగ్గా ఉంటే అక్కర్లేని మందులు ఆగిపోతాయి. నరం నొప్పికి డైక్లోఫెనాక్ సూదులు పెద్దగా పనిచేయవు. పైగా రక్తం పలచబరిచే మాత్రలు వాడేవారిలో రక్తస్రావం, గుండె బలహీనంగా ఉన్నవారిలో నీరు పట్టడం తెస్తాయి. గాబాపెంటిన్, ప్రీగాబలిన్ పనిచేస్తాయి. కిడ్నీ పరీక్ష చూసి మోతాదు తగ్గించాలి. ప్రీగాబలిన్‌తో కాళ్ళ వాపు వస్తే గుండె సంగతి మళ్ళీ చూడాలి. ఎమిట్రిప్టిలిన్, కార్బమాజెపిన్ గుండెలోని విద్యుత్ దారులను నెమ్మదింపజేస్తాయి కాబట్టి గుండె వైద్యుణ్ణి అడగకుండా మొదలుపెట్టకూడదు. చిన్న చోటి మంటకు లిడోకెయిన్ పట్టీ మంచిది, చర్మం చిట్లి ఉండకూడదు. కరెంటు మసాజ్ యంత్రాలు పాకెట్ దగ్గర వాడొద్దు. ఏదీ పనిచేయకపోతే యంత్రాన్ని కండరం కిందికి మార్చే శస్త్రచికిత్స ఉంది. 2013లో మొదటిసారి మనిషికి పెట్టిన, రెండు గ్రాముల బరువైన మైక్రా లాంటి తీగలేని పేస్‌మేకర్లు తొడ సిరలోంచి నేరుగా గుండెలోకి వెళతాయి. వాటికి పాకెట్ లేదు కాబట్టి ఈ అధ్యాయంలోని నరాల గాయాలూ లేవు. అవి అందరికీ సరిపోవు, ఖరీదూ ఎక్కువ.

ఛత్తీస్‌గఢ్ ఆశా కార్యకర్తల కంటే ముందే 2002లో మితానిన్ కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. పల్లెలోని ఆడవాళ్ళే ఊరి ఆరోగ్యానికి కాపలా ఉండే ఏర్పాటు అది. పేస్‌మేకర్‌తో ఇంటికి చేరిన మనిషిని రెండో వారంలో, ఆరో వారంలో, మూడో నెలలో మితానిన్ పలకరించి నాలుగు మాటలు అడిగితే చాలు: చర్మం ఎర్రబడిందా? చెయ్యి వాచిందా? మండుతోందా, మొద్దుబారిందా? చెయ్యి ఎత్తగలవా? మొదటి రెండింటిలో దేనికి అవునన్నా వెంటనే పంపాలి. మూడోదానికి అవునంటే కుష్ఠు కార్యకర్తను పిలిచి పటం గీయించాలి. నాలుగోదానికి కాదంటే భుజాన్ని కదిపి చూడాలి. యంత్రం పెట్టే ఆస్పత్రి తన వంతుగా డిశ్చార్జి కాగితం మీద యంత్రం మోడల్, ఏ సిరలోంచి పెట్టారు, ఏ రోజున పెట్టారు అని మూడు వరుసలు రోగి చదవగలిగిన భాషలో రాసివ్వాలి. తాలిపేరుకు ఏ ఒడ్డున ఏ రాష్ట్రపు ఆస్పత్రి ఉన్నా ఆ కాగితం పనికొస్తుంది.

మన పెద్దాయనకు డీఎన్4లో నాలుగు దాటాయి. ఎరుపు, వాపు లేవు. నరాల పటం చెయ్యి లోపలి అంచు వెంట సాగింది, బలం తగ్గలేదు. ఆపరేషన్ అయి ఆరు వారాలైంది కాబట్టి ఇప్పుడు ఈఎంజీ పరీక్షకు వేళయింది. ఈ నిర్ణయానికి వచ్చే దాకా ఒక్క పెద్ద యంత్రమూ అవసరం పడలేదు. అడిగే మనిషి, తాకి చూసే చెయ్యి, తేదీ రాసిన కాగితం ఉంటే నరం నొప్పిని బాసగూడలోనే గుర్తించవచ్చు. గుండెకు యంత్రం అందించిన ఆరోగ్య వ్యవస్థ ఈ మూడింటినీ కూడా అందించగలదు, అందించాలి.